రెండు మూరల లూపు

ఏ పనికైనా తీగ ఎంత పడుతుందో లెక్క కట్టమంటే హైమవతి ముందు నక్షా చూస్తుంది, తర్వాత ఆ దారంతా స్వయంగా నడిచి చూస్తుంది, ఆఖరికి ఆ రెండూ ఏం చెప్పినా తనకు తోచినంత కలుపుతుంది. తోచినంత అంటే ఎప్పుడూ ఒకటే, ప్రతి చివరా రెండు మూరలు. ఆ రెండు మూరల్ని చుట్ట చుట్టి ప్యానెల్ పెట్టెలో వదిలేయాలి. కరెంటు పనివాళ్ళు దాన్ని లూపు అంటారు. రేపెప్పుడో తీగ కొస కాలిపోయినా, ప్యానెల్‌ను జానెడు పక్కకు జరపాల్సి వచ్చినా ఆ చుట్ట విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు. లూపు లేదంటే తీగ మొత్తం మార్చుకోవాలి. ఇంత చిన్న సంగతి పెద్ద పెద్ద ఇంజనీర్ల తలకు ఎందుకు ఎక్కదో ఆమెకు అర్థం కాదు. లూపు లేని తీగ మీద ఆమె సంతకం పెట్టదు, అంతే.

గుండాలగుట్ట ఎత్తిపోతల పథకంలో కరెంటు పనులన్నిటికీ అంచనాలు వేసేది ఆమే, సివిల్ వాళ్ళకూ మెకానికల్ వాళ్ళకూ మధ్య సమన్వయం చూసేదీ ఆమే. సమన్వయం అంటే వినడానికి గొప్పగా ఉంటుంది గాని, చేసేదల్లా ఒకరి దగ్గర తిట్లు తిని ఇంకొకరి దగ్గర అరిగించుకోవడం. గుట్ట కడుపులో తొలిచిన గుహలో పంపుహౌసు. కింద నది, పైన ఎండి నెర్రెలిచ్చిన చెరువులు, మధ్యలో ఈ పంపులు. ఈ వానాకాలం పంటకు నీళ్ళు ఎక్కిస్తామని చుట్టుపక్కల ఊళ్ళకు మాట ఇచ్చేశారు. కొందరు రైతులు ఆ మాట నమ్మి నార్లు కూడా పోసుకున్నారు.

చిక్కంతా గోడల్లో వచ్చింది. పంపుల దగ్గరి నుంచి కంట్రోల్ రూముకు సన్నటి తీగలు రావాలి. ఏ బేరింగు వేడెక్కుతోందో, నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చెప్పేవి అవే. అవి లేకుండా పంపు తిప్పడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని లారీ నడపడమే. వాటికోసం కాంక్రీటులో ముందే పైపులు పెట్టారు. తీరా కాంక్రీటు పోసే రోజున పైపుల మూతులకు బిగించే మూతలు అయిపోయాయి. తెప్పించేదాకా ఆగితే పని ఆగుతుందని సివిల్ వాళ్ళు ఖాళీ సిమెంటు సంచులు చింపి ఆ ముక్కలు కుక్కేశారు. అన్ని సైట్లలోనూ చేసే పనే. ఈసారి మాత్రం పోత బరువుకు ఆ ముక్కలు లోపలికి జారి, వాటి వెంట సిమెంటు పాలు దిగి, పైపులన్నీ గొంతు పూడుకుపోయాయి. తీగ లాగడానికి స్ప్రింగు తోస్తే కాస్త దూరం పోయి ఆగిపోతోంది.

ప్రాజెక్టు మేనేజరు వీరభద్రం గారు రాజమండ్రి వైపు మనిషి. కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు మీటింగులో ఆయన గొంతు దాదాపు వినిపించలేదు. గోడ పగలగొడితే గుహ కప్పుకు ముప్పని ఒకరన్నారు. గోడ మీదనుంచి లాగితే క్రేనుకు అడ్డమని, వరదొస్తే మునుగుతాయని ఇంకొకరన్నారు. అందరూ మాట్లాడాక ఆయన హైమవతి వైపు తిరిగి, "మీరేవంటారమ్మా?" అన్నారు. ఆమెకు తన చెవిబుట్ట గుర్తొచ్చింది.

ఆ సంగతి చెప్పాలి. హైమవతి భర్త నరహరి హైదరాబాదులో ఒక చిన్న పరిశోధనశాల నడుపుతున్నాడు. ఇద్దరూ వరంగల్లులో కలిసి చదువుకున్నవాళ్ళే. ఆమె సైట్ల వెంట పడితే అతను సీసాల వెంట పడ్డాడు. ఏడాదిగా అతను ఒక జిగురును తన చర్మకణాల మీద పెంచుతున్నాడు. ఆ జిగురులోంచి దారమంత సన్నటి తీగ మొలుస్తుంది. దాని మొదట్లో అతను వేలు ఆనిస్తే చాలు, తీగ కొస పెరుగుతూ ముందుకు పాకుతుంది. అతను ఎటు అనుకుంటే అటు పోతుంది, ఎక్కడ తగిలితే అక్కడి తాకిడి అతని వేలికి తెలుస్తుంది. చీకట్లో అటక మీద చెయ్యి పెట్టి తడుముకున్నట్టే, కాకపోతే చెయ్యి పొడవుకు హద్దు లేదు. దానికి పాకుడుతీగ అని పేరు పెట్టుకున్నాడు. ఆమె నమ్మకపోతే ఒక స్టీలు డబ్బా ఇచ్చి, తనకు చూపకుండా ఏదైనా పెట్టి మూత బిగించమన్నాడు. డబ్బాకున్న చిల్లిలోంచి తీగ లోపలికి పాకింది. అతను కళ్ళు మూసుకుని కాసేపు తడిమి, "నీ బుట్ట. ఎడమ చెవిది. కొక్కెం వంగింది, మొన్ననే చెప్పిన కదా సరిచేయించుకొమ్మని" అన్నాడు.

అంతవరకు ఆ తీగ ప్రయోగశాల గడప దాటలేదు. గుండాలగుట్ట పేరు చెప్పగానే నరహరి మొహం పండగ పూట పిల్లాడిలా వెలిగిపోయింది. రాగి పొడి కలిపి పెంచితే అది మామూలు తీగలా సంకేతాలు కూడా మోస్తుందని, పైపులో ఎంత సందున్నా చాలునని గబగబా చెప్పి, ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే పెట్టె సర్దేశాడు. అతన్ని రమ్మన్నది తనేనని హైమవతి తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

సొరంగంలో కిందికి నడుస్తుంటే అతను ఎప్పటిలా ఆమె చిటికెన వేలు పట్టుకున్నాడు. పెళ్ళిలో పురోహితుడు పట్టించాడు, వదలమని చెప్పడం మరిచిపోయాడు, ఈయన ఇప్పటికీ వదల్లేదని ఆమె స్నేహితుల దగ్గర వెక్కిరిస్తుండేది. ఫోర్‌మన్ ఐలయ్య అది చూసి మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు.

మొదటి లైను రోజున పనివాళ్ళంతా పని ఆపి వచ్చి నిలబడ్డారు. నరహరి తిరగేసిన కేబుల్ డ్రమ్ము మీద కూర్చుని, పైపు మూతి దగ్గర చూపుడువేలు జిగురులో ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తీగ లోపలికి పాకింది. అతను తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. ఇక్కడ ఇసక. ఇక్కడ సిమెంటు గడ్డ కట్టింది గాని పైన సందుంది. ఇదిగో సంచి ముక్క, కుట్టు దారం తగులుతోంది. ఇక్కడ ఎవరో బీడీ ముక్క పడేశారు. ఐలయ్య వెనక్కి తిరిగి తన మనుషుల్ని ఒక్కొక్కరినే చూశాడు. ఒకడు తల దించుకున్నాడు.

"మేడం, సారు కూసున్నకాడ కూసోని గుట్ట కడుపంత దేవులాడుతుండు," అన్నాడు ఐలయ్య.

సాయంత్రానికి తీగ కొస అవతల పంపు దగ్గర పచ్చగా మొలిచింది. అక్కడా ఇక్కడా రెండేసి మూరలు ఎక్కువ పెరగనిచ్చి హైమవతి స్వయంగా లూపులు చుట్టింది. వేలు తీశాక నరహరి అరచెయ్యి దులుపుకుని కాస్త తిమ్మిరిగా ఉందన్నాడు. వీరభద్రం గారు అందరికీ టీలు చెప్పించారు. ఆయన గొంతు అందరికీ వినపడేంత పెరిగింది.

లైను తర్వాత లైను పడుతూ వచ్చింది. వారం మధ్యలో సైటు, వారం చివర ఇల్లు. ఒక ఆదివారం పొద్దున హైమవతి వంటింట్లో టీ వడగట్టి ఇచ్చింది. స్టీలు గ్లాసు, అంచు పట్టుకుంటేనే చుర్రుమనేంత వేడి. నరహరి దాన్ని వేళ్ళ కొసలతో గట్టిగా పట్టుకుని పేపరు చదువుతూ తీరిగ్గా నిలబడ్డాడు. ఆమె గ్లాసు లాక్కుంది. వేళ్ళ కొసలు ఎర్రగా కమిలిపోయాయి. బొటనవేలి మీద ఇంకో బొబ్బ, అది అంతకుముందుదే, పగిలి ఆరిపోయింది.

"ఇదెప్పుడు కాలింది?"

"ఏమో. చూస్కోలే."

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఈ మధ్య అతను అద్దం ముందు నిలబడటం, తాళం చెవి జేబులో దొరక్క జేబు తిరగేయడం అన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. పిన్నీసు తీసుకుని అతన్ని కళ్ళు మూసుకోమంది. ఒక్కో వేలిని కొస నుంచి మొదలు దాకా గుచ్చుకుంటూ వచ్చి, ఎక్కడ తెలిసిందో అక్కడ పెన్నుతో గీత పెట్టింది. మరుసటి వారం ఇంకో లైను పడ్డాక మళ్ళీ గుచ్చి మళ్ళీ గీత పెట్టింది. అంచనాలు వేసే మనిషికి రెండు గీతలు చాలు. తీగ ఎంత పొడవు పెరిగితే దానికి తగ్గ వంతున స్పర్శ అతన్ని వదిలి పోతోంది. ఈ లెక్కన ఆఖరి లైను పడేసరికి కుడి చేతి అయిదు వేళ్ళూ మొద్దుబారిపోతాయి.

లెక్క తప్పయితే బాగుండునని ఆమె జీవితంలో మొదటిసారి కోరుకుంది. తిప్పి తిప్పి వేసింది. ప్రతిసారీ అదే వచ్చింది. అప్పుడే ఇంకో సంగతి కూడా కంటబడింది. అన్ని లైన్లకూ తను వదిలిన లూపులు, ఇక ముందు వదలబోయేవి కలిపితే ఆ వంతున సరిగ్గా ఒక వేలికి సరిపోతాయి. అలవాటుగా కలిపిన ఆ రెండేసి మూరలు అతని చేతిలోంచి ఒక వేలును తినేస్తున్నాయి. ఆమె వంటింటి గట్టుకు ఆనుకుని ఏడ్చేసింది.

ఆ జిగురు అతని చర్మం మీద పుట్టింది. ఇంకెవరు వేలు పెట్టినా తీగ కదలదు. ఆమె తన వేలు పెట్టి చూసింది కూడా. ఇంకొకరి కోసం కొత్త జిగురు పెంచాలంటే మళ్ళీ ఏడాది. పని ఆపేద్దామని, వీరభద్రం గారితో తను మాట్లాడతానని చెప్పింది. నరహరి వేళ్ళ మీది గీతల వైపు చూసుకున్నాడు.

"సగం లైన్లు పడితే సగం పంపులు తిరుగుతయా?" అన్నాడు.

"తిరగవు."

"మరి పోయిన స్పర్శ ఏ పనికొచ్చినట్టు?"

అతను దాచలేదు, ఇందులో తన కుతూహలం కూడా ఉందన్నాడు. తీగ కొస రాతిలోంచి నడిచేటప్పుడు తెలిసే తాకిడి ఇంతవరకు ఏ మనిషికీ తెలియలేదట, అది మధ్యలో వదిలేయడం తన వల్ల కాదట. ఆమెకు కోపం వచ్చింది, అతని మీద జాలీ వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా తన మీద తనకు అసహ్యం వేసింది. చివరికి ఒక్కటే అడిగింది, ఇక నుంచి లూపులు వద్దని.

నరహరి నవ్వాడు. "లూపు లేని తీగ మీద నువ్వు సంతకం పెడ్తవా హైమా?"

ఆమె ఎంత బతిమాలినా అతను వినలేదు. ఆఖరి లైను దాకా రెండు చివరలా రెండేసి మూరలు పెంచి మరీ వదిలాడు.

పని అయిపోయింది. కుడి చెయ్యి చూడటానికి మామూలుగానే ఉంది. పట్టుకుంటుంది, ఎత్తుతుంది, రాస్తుంది. వేళ్ళకు తాకితే మాత్రం తెలియదు. రోడ్డు దాటుతూ నరహరి అలవాటు కొద్దీ ఆమె చిటికెన వేలు పట్టుకుని, పట్టు అందిందో లేదో అని కిందికి చూసుకునేవాడు. అలా చూసుకున్న ప్రతిసారీ హైమవతి చూపు తిప్పుకునేది.

డాక్టర్లు నరాలన్నీ బాగున్నాయన్నారు. నరహరికి అదే వింతగా తోచింది. నరాలు బాగుంటే స్పర్శ చచ్చిపోలేదన్నమాట. మరి ఎక్కడికి పోయింది? అతను దీన్ని బెంగలా కాక లెక్కలా పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడప్పుడు ప్రయోగశాలలో ఒంటరిగా ఉండగా వేళ్ళకు చల్లగా ఏదో తగిలినట్టు ఉండేది. చూస్తే బల్ల మీద ఏమీ ఉండదు.

జవాబు ఒక మధ్యాహ్నం ఫోనులో దొరికింది. హైమవతి కంట్రోల్ రూములో ప్యానెల్ తలుపు తెరిచి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, లూపులకు నంబరు బిళ్ళలు తొడుగుతోంది. అన్నం తిన్నావా అని అడుగుతున్న నరహరి మాట మధ్యలో ఆపేశాడు.

"ఎవరో నా చూపుడువేలు గిల్లిన్రు," అన్నాడు.

"ఎవరు?"

"ఎవరూ లేరిక్కడ. నువ్వేం చేస్తున్నవ్?"

ఆమె చేతిలోని లూపును చూసింది. మెల్లగా దాన్ని మళ్ళీ నొక్కింది. అటువైపు నరహరి మళ్ళీ అదే వేలన్నాడు. ఆమె ఇంకో లూపును గోటితో గీకింది. మధ్యవేలన్నాడు. మూడోదాన్ని అరచేతిలోకి తీసుకుని ఊరికే అలా ఉంచింది. "నీ చెయ్యేనా అది?" అని అతను అడిగాక ఆమె ఔనంది. ఐలయ్య గుమ్మంలోకి వచ్చి, మేడం మొహం చూసి, వచ్చిన పని చెప్పకుండానే వెనక్కి పోయాడు.

స్పర్శ పోలేదు. కొండలో ఉంది. గోడల్లో పాతుకున్నది ఇక రాదు. అది పంపులకు కావాలి, ఊళ్ళకు కావాలి. కాని ఏ పనికీ అక్కర్లేకుండా, ఏమవసరం వస్తుందోనని ఊరికే వదిలినవి ఉన్నాయి కదా. కోసి తీసుకెళ్ళగలిగినవి అవే.

వీరభద్రం గారితో ఆమె ఏదీ దాచలేదు. ఆయన అంతా విని తన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"లూపు లేకుండా తీగ ఒప్పుకోనని నాతో రెండేళ్ళు దెబ్బలాడింది మీరే కదమ్మా?"

"నేనే సార్."

"రేపు కొస పాడైతే మళ్ళీ పెంచడానికి మీ ఆయన చేతిలో ఏవీ మిగల్లేదు కదా?"

మిగల్లేదని, ఆ భయం తనకూ ఉందని ఆమె ఒప్పుకుంది. కొస పాడుకాకుండా చూసే పూచీ తనదేనని రాసి సంతకం పెట్టి ఇస్తానంది. ఆయన కాగితాలేవీ వద్దని, కాని ముందు ఒక్క లైను కోసి చూసి, అది పనిచేస్తేనే మిగతావాటి జోలికి వెళ్ళమని అన్నారు. అది ఆమె కూడా అనుకున్నదే. కోస్తే లైను చచ్చిపోవచ్చు. లైనుతో పాటు లూపులో ఉన్నది కూడా చచ్చిపోవచ్చు. అప్పుడు నీళ్ళూ ఉండవు, వేలూ ఉండదు.

నరహరి వచ్చి అదే కేబుల్ డ్రమ్ము మీద కూర్చున్నాడు. హైమవతి కటింగ్ ప్లేయరు పట్టుకుంది. నొప్పెడితే చెప్పమంది. కొయ్యమన్నాడు. టక్కున తెగింది. అతను కళ్ళు చిట్లించి, వెంట్రుక పీకినట్టు ఉందన్నాడు. ఐలయ్య మీటరు పెట్టి చూసి, లైను పలుకుతోందని గట్టిగా చెప్పాడు. ఆమె తెగిన ముక్కను జిగురులో తడిపి, అతని కుడి చేతి వేళ్ళలో ముందు అందినదానికి చుట్టింది. తీగ మెల్లగా పల్చబడి, పాకం కరిగినట్టు కరిగి, చర్మంలోకి ఇంకిపోయింది. పిన్నీసు గుచ్చింది.

"అబ్బా," అన్నాడు నరహరి.

పిన్నీసుకు అంత సంతోషపడిన మనిషిని ఐలయ్య ఎప్పుడూ చూసి ఉండడు. అప్పటికి వేలి మొదట్లో గోరంత మేర మాత్రం తెలుస్తోంది. మిగిలిన లూపులన్నీ ఏ వేలికి చుడితే ఆ వేలు మొత్తం వస్తుంది. లెక్క ప్రకారం ఒక్కటే వేలు.

హైమవతి అప్పటికే నిర్ణయించుకుంది. చూపుడువేలు. ప్రయోగశాలలో పని చేయాలన్నా, గుండీ పెట్టుకోవాలన్నా, వేడిదో చల్లనిదో తెలియాలన్నా అదే కావాలి. మొదటి ముక్క తొందరలో చిటికెన వేలికి చుట్టినందుకు తనను తాను తిట్టుకుంటూ, మిగతావి చూపుడువేలికి చుడతానంది.

"వద్దు," అన్నాడు నరహరి. "చూపుడువేలు కళ్ళతో చూస్కోని పని చేస్తది, నేర్చుకున్న. చిటికెన వేలికి ఏ పనీ లేదు. చేతికి అది లూపసొంటిది. అదే వెనక్కి తెచ్చుకుందాం."

ఆమె మళ్ళీ ప్లేయరు అందుకుంది. ఒక్కో లూపూ కోసి, తడిపి, అతని చిటికెన వేలికే చుట్టింది.

పంపులు మొదలుపెట్టే రోజు పొద్దున కంట్రోల్ రూము జనంతో నిండిపోయింది. తీగల్లో సంకేతాల కరెంటు వదిలినప్పుడు హైమవతి నరహరి మొహం మీంచి కళ్ళు తిప్పలేదు. మాటిమాటికీ ఏమవుతోందని అడిగింది. మొద్దుబారిన కాలు మేలుకుంటున్నట్టు నాలుగు వేళ్ళూ జివ్వుమంటున్నాయని, భయపడేదేమీ లేదని అతను చెప్పాడు. వీరభద్రం గారు మీట నొక్కమని సైగ చేశారు. కింద ఎక్కడో గుట్ట సన్నగా అదిరింది. అందరూ నీళ్ళు అందగానే వెలగాల్సిన ప్యానెల్ దీపాల వైపే చూస్తున్నారు. ఒక్కటీ వెలగలేదు.

"వచ్చేసినయి," అన్నాడు నరహరి నెమ్మదిగా.

"దీపం వెలగలేదు కదా?"

"వెలుగుతది. నీళ్ళు ఇప్పుడే తాకినయి. బురద వాసనొచ్చేంత దగ్గర ఉన్నట్టుంది హైమా. చల్లగున్నయి."

అతని కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఆ నాలుగు వేళ్ళు ఇక ఎప్పటికీ అతనివి కావని, అవి ఈ గుట్టవని ఆమెకు తెలుసు. ఆ దుఃఖం ఇక పోదు. ఆమె దగ్గరగా జరిగి, అతని చిటికెన వేలు పట్టుకుంది. అతను కళ్ళు తెరిచాడు గాని కిందికి చూసుకోలేదు.

"మరి ఇది?" అంది.

"ఇది వెచ్చగుంది," అన్నాడు. "ఇది ఇక్కడ్నే ఉంది."

ప్యానెల్ మీద మొదటి దీపం వెలిగింది.